మధుపర్కాల దగ్గర జాగ్రత్త, మేనకోడలా!

అమ్మడూ,

వచ్చే నెల పెళ్లి ఫొటోలు నువ్వొక్కదానివే తీస్తున్నావట కదా, మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. తెగ సంతోషపడ్డాను, ఫోన్ పెట్టేశాక టెన్షన్ మొదలైంది. బ్యాటరీలు, కార్డులు, రెండో కెమెరా గురించి నీకు చెప్పక్కర్లేదు. కెమెరా ఏమీ దిద్దకుండా దాచే రా ఫైల్స్ తియ్యి, అంతే. నా భయమల్లా మధుపర్కాల దగ్గరే.

కెమెరాలో వెలుగు కొలిచే మీటర్, ఎదురుగా ఏమున్నా అది మధ్యరకం బూడిద రంగే అనుకుని లెక్క కడుతుంది. ఎర్రంచు తెల్లబట్టల్లో ఇద్దరూ పీటల మీద కూర్చుని ఫ్రేమంతా తెలుపే నిండితే, వెలుగెక్కువైందని తగ్గించేస్తుంది. బట్టలు మాసినట్టు, ముఖాలు నల్లగా వస్తాయి. అక్కడ ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్, అదే మీటర్ లెక్కని మనం సవరించే సెట్టింగ్, ప్లస్ ఒకటి, ఒకటిన్నర దాకా పెంచు.

మీ అమ్మ పెళ్లి ఆల్బమ్ తీసి చూడు. ఫిల్మ్ రోజులు. ఫొటోగ్రాఫర్ పేరున్నవాడే, కానీ ఫ్లాష్‌ని ఆటోలో పెట్టి వదిలేశాడు. తెల్లబట్టల మీంచి తిరిగొచ్చిన వెలుగుకి ఫ్లాష్ సెన్సర్ ఇక చాల్లే అనుకుని ముందే ఆపేసేది. వెలుగు చాలక నెగటివ్‌లు పల్చగా వచ్చాయి. ప్రింట్‌లో వెలుగు లాగబోతే నలుపంతా బూడిదై, ముఖాల మీద ఇసుక చల్లినట్టు గ్రెయిన్ తేలింది. అది కప్పడానికి బ్రష్ పట్టుకుని, చామనఛాయ పిల్లని పౌడర్ డబ్బాలో ముంచి తీసినట్టు చేశారు. మీ అమ్మమ్మ చూసి "ఇది మన పిల్లేనా?" అంది. మీ అమ్మ ఏమీ అనలేదు గానీ, ఆ ఆల్బమ్ ఎవరికీ చూపించదు, గమనించావా? తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎవరడిగినా సరే నువ్వు ముఖాలు తెల్లగా చెయ్యకు, చేశావంటే చెవి మెలిపెడతా.

లెన్స్‌లోంచి వచ్చే వెలుగుని కొలిచే నీ టీటీఎల్ ఫ్లాష్ కూడా తెలుపు చూస్తే అలాగే మోసపోతుంది, దాని కాంపెన్సేషన్ విడిగా ఉంటుంది, అదీ చూసుకో. అలాగని మరీ పెంచేస్తే నేత కూడా కనబడకుండా తెల్లగా ఎగిరిపోతుంది, తర్వాత రా కూడా కాపాడలేదు. వెలుగు మరీ ఎక్కువైందని స్క్రీన్ మీద మిణుకుమనే చోట్లు చూడు, అవి బట్ట మీదుంటే కాస్త తగ్గించు. బల్బుల మీదుంటే పోనీ.

రిసెప్షన్‌కి అబ్బాయి నల్ల సూట్ వేసుకుంటాడు, అక్కడ లెక్క తిరగబడుతుంది, మైనస్ ఒకటి పెట్టాల్సి రావచ్చు. పొద్దున్న పెట్టిన ప్లస్ సున్నాకి తిప్పడం మర్చిపోయేవాళ్లే ఎక్కువ, నువ్వసలే మతిమరుపుదానివి.

ముహూర్తం తెల్లవారుజామునట. ముందే ఏదైనా తిను తల్లీ, అయ్యాక నిద్రమత్తులో బండి నడపకు, నేనొచ్చి తీసుకొస్తా. ఇంతకీ అడ్వాన్స్ తీసుకున్నావా, మొహమాటపడ్డావా?

మీ మామయ్య