వెళ్ళిన కరెంటు తిరిగి వచ్చే దారి: పాత కార్ల విద్యుత్ లోపాలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మాది 2004 నాటి మారుతి 800. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫాను వచ్చినప్పుడు చెన్నై వేళచ్చేరిలో మా వీధిలో నిలిచిన నీరు కారు లోపలి కార్పెట్టు దాకా వచ్చింది. ఇంజను బాగానే ఉంది కానీ, ఆ తరువాత నుంచి హెడ్‌లైట్లు వేస్తే ఉష్ణోగ్రత ముల్లు పైకి లేస్తోంది, ఇండికేటరు వేస్తే దానితో పాటు హెడ్‌లైటు కూడా మిణుకుమంటోంది, ఒక్కోసారి సెల్ఫ్ కొడితే టక్కుమని శబ్దం వచ్చి ఆగిపోతోంది. బ్యాటరీ రెండుసార్లు, ఆల్టర్నేటరు ఒకసారి మార్పించాను. ఇప్పుడు మెకానిక్కు వైరింగు మొత్తం మార్చాలంటున్నారు. మార్పించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండి. హెడ్‌లైట్లు వేస్తే ఉష్ణోగ్రత ముల్లు లేస్తోందని మీరు మాటవరసకు రాసిన ఆ ఒక్క సంగతే అసలు జబ్బును పట్టి ఇస్తోంది. స్విచ్చి నొక్కినంత మాత్రాన రేడియేటరులో నీళ్ళు వేడెక్కవు కదా. వేడెక్కకుండానే ముల్లు లేచిందంటే, లైట్ల కరెంటు తన దారిన తాను బ్యాటరీకి తిరిగి వెళ్ళలేక, పక్కవాటి దారిలో చొరబడి ముల్లు లెక్కను తప్పిస్తోందని అర్థం. ఇండికేటరుతో పాటు హెడ్‌లైటు మిణుకుమనడానికీ ఇదే కారణం కావచ్చు. మెకానిక్కులు దీన్ని 'ఎర్త్ సరిగా లేదు' అంటారు.

మన ఇళ్ళలో ఫేజు, న్యూట్రల్ అని రెండు తీగలు ఉంటాయి. కారులో చాలా పరికరాలకు బ్యాటరీ ప్లస్ నుంచి ఒక్క తీగే వస్తుంది. న్యూట్రల్ పనిని కారు రేకే చేస్తుంది. దీపంలోంచి వెళ్ళిన కరెంటు ఒక పొట్టి నల్ల తీగ ద్వారా రేకులోకి దిగి, అక్కడి నుంచి బ్యాటరీ మైనస్‌కు చేరుతుంది. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంటుంది కనుక, దాన్ని బ్యాటరీతోనూ బాడీతోనూ కలపడానికి వేరే లావుపాటి తీగలు ఉంటాయి. ఈ తీగలన్నీ బోల్టులతో బిగించినవే. వాటిలో చాలా భాగం నీళ్ళు తగిలే చోటే ఉంటాయి. పైగా చెన్నైలో సముద్రపు గాలి ఏడాది పొడుగునా తగులుతూనే ఉంటుంది. మీ కారులో ఇంటి చుట్టూ నిలిచిన మురికి నీరు లోపలి దాకా వచ్చింది. బోల్టు కింద పట్టిన తుప్పు పైకి కనబడదు.

హెడ్‌లైట్లు రెండూ కలిసి సుమారు 10 ఆంపియర్ల కరెంటు తీసుకుంటాయి. తుప్పు వల్ల ఆ దారిలో 0.2 ఓమ్‌ల నిరోధం ఏర్పడితే చాలు, 2 వోల్టులు అక్కడే ఖర్చయిపోయి దీపం మసకబారుతుంది. సెల్ఫ్ మోటారు చిన్న కారులో కూడా 100 ఆంపియర్లకు పైగా లాగుతుంది కనుక, దానికి 0.01 ఓమ్ అడ్డుపడినా 1 వోల్టు పోతుంది. మీటరుతో 'బీప్' పరీక్ష చేసి వైరు బాగుందని చెప్పేవారు పొరబడేది ఇక్కడే. మీటరు పంపేది మిల్లీ ఆంపియర్లలో ఉండే పిసరంత కరెంటు. తీగలో ముప్పై పోగులకు ఇరవై తొమ్మిది తెగిపోయి ఒక్కటి మిగిలినా అది బీప్‌మంటుంది. లోపం బయటపడాలంటే, ఆ తీగ తన పూర్తి కరెంటు మోస్తున్నప్పుడే కొలవాలి.

ఇందుకు ఏ సాధారణ మల్టీమీటరైనా సరిపోతుంది. దాన్ని డీసీ 20 వోల్టుల మీద పెట్టండి. ముందుగా, కారు రాత్రంతా ఆగి ఉన్న తరువాత బ్యాటరీ కొలిస్తే 12.6 వోల్టుల దరిదాపుల్లో, ఇంజను నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య చూపాలి. అలా చూపితే మీ కొత్త బ్యాటరీ, ఆల్టర్నేటరు రెండూ చాలావరకు నిర్దోషులే. తరువాత గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేసి, మీటరు నల్ల మొనను బ్యాటరీ మైనస్ సీసపు స్తంభం మీద ఆనించండి. స్తంభాన్ని పట్టి ఉంచే క్లాంపు మీద కాదు, స్తంభం మీదే. ఎర్ర మొనను ఇంజను మీద రంగు లేని లోహపు చోట ఆనించి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. ఆ రెండు మూడు సెకన్లలో మీటరు 0.2 లేదా 0.3 వోల్టులు దాటకూడదు. 0.5 దాటిందంటే దొంగ ఆ దారిలోనే ఉన్నాడు. ఇక ఎర్ర మొనను ఒక్కొక్క మజిలీ వెనక్కి, అంటే బాడీకి బిగించిన బోల్టుకు, తీగ చివర బోల్టు దూరే లోహపు ముక్కకు (లగ్గుకు), క్లాంపుకు జరుపుతూ అదే కొలత తీసుకోండి. ఏ రెండు చోట్ల మధ్య అంకె ఒక్కసారిగా పడిపోతుందో, తప్పు ఆ రెండింటి మధ్య ఉంది. హెడ్‌లైట్లకూ ఇంతే: దీపాలు వెలిగించి, దీపం వెనుక నల్ల తీగకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య కొలిస్తే 0.2కు మించకూడదు.

చోటు దొరికాక చేయవలసింది శ్రమే తప్ప ఖర్చు కాదు. బ్యాటరీ మైనస్ ముందు విప్పి, ఆఖరున బిగించాలి. బోల్టు తీసి, రేకునూ లగ్గునూ గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దండి. లగ్గు పక్కన ఒక అంగుళం మేర ఇన్సులేషను కోసి చూడండి. మంచి రాగి ఎర్రగా తళుక్కుమంటుంది. నీరు పీల్చిన తీగలో పోగులు నల్లబడి, పచ్చటి చిలుము పట్టి, గోటితో గీరితే పొడి రాలుతుంది. నీరు దీపపు వత్తిలో నూనెలా పోగుల మధ్య పైకి పాకుతుంది కనుక, ఎర్రటి రాగి కనబడేదాకా కోసుకుంటూ పోవాలి. జానెడు కోసినా కనబడకపోతే ఆ ఒక్క తీగ మార్చండి. బిగించిన తరువాత పైన పెట్రోలియం జెల్లీ పూయండి. కార్పెట్టు ఎత్తి, దాని కింద ఉన్న కనెక్టర్లు కూడా విప్పి చూడడం మరువకండి.

ఇంకొక గుర్తు చెబుతాను. ఇంజను ఎర్త్ తీగ పూర్తిగా పాడైతే సెల్ఫ్ కరెంటు యాక్సిలరేటరు కేబులు, క్లచ్ కేబులు గుండా దారి వెతుక్కుంటుంది. నేను చూసిన ఒక పాత జెన్‌లో మూడుసార్లు సెల్ఫ్ కొట్టేసరికి యాక్సిలరేటరు కేబులు చేయి పెట్టలేనంతగా కాలిపోయింది; లోపలి ప్లాస్టిక్కు కరిగి పెడలు బిగుసుకుంది. వారు అప్పటికి రెండు కేబుళ్ళు మార్చారు, ఎర్త్ తీగను ఎవరూ ముట్టుకోలేదు.

మీ మెకానిక్కు మీద నాకు కోపం లేదు. మార్చిన సామానుకు డబ్బు ఇస్తాం కానీ, వెతికిన గంటకు కూలి ఇవ్వడం మనకు అలవాటు లేదు. కనుక వారు సామానే మారుస్తారు. పైన చెప్పిన కొలతలు తీసి చూపమని, ఆ గంటకు వేరుగా డబ్బు ఇస్తానని ముందే చెప్పండి. పాత కారు ఉన్నవారు పెట్టగల ఖర్చుల్లో ఇంతకంటే సార్థకమైనది నాకు తెలియదు.

ప్రశ్న: పెరంబూరులో ఉంటాను. నాన్నగారు వదిలి వెళ్ళిన 2006 శాంత్రోను వారానికి ఒకసారి తీస్తాను. మూడు నాలుగు రోజులు ఆపితే బ్యాటరీ దిగిపోతోంది. బ్యాటరీ కొత్తదే. దుకాణంవారు పరీక్షించి బాగుందనే చెప్పారు.

జవాబు: అమ్మా, కారు నిద్రపోతున్నప్పుడు కూడా ఏదో ఒకటి కరెంటు తాగుతోంది. గడియారం, స్టీరియో జ్ఞాపకం వంటివి కలిపి 50 మిల్లీ ఆంపియర్ల లోపు తీసుకోవడం సహజం. అదే 300 మిల్లీ ఆంపియర్లయితే రోజుకు 7.2 ఆంపియర్ గంటలు పోతాయి. 35 ఆంపియర్ గంటల బ్యాటరీ అయిదు రోజుల్లో ఖాళీ అవుతుంది, సెల్ఫ్ అంతకు ముందే ఆగిపోతుంది. మీరు రాసిన లెక్క దీనికి సరిపోతోంది.

మీటరును 10 ఆంపియర్ల మీద పెట్టి, బ్యాటరీ మైనస్ తీగ విప్పి, ఆ తీగకూ స్తంభానికీ మధ్య మీటరు కలపాలి. తలుపులు మూసి, తాళంచెవి తీసేసి, అరగంట ఆగి చూడాలి. మీటరు కలిపి ఉండగా సెల్ఫ్ మాత్రం కొట్టకూడదు, మీటరు ఫ్యూజు పోతుంది. అంకె ఎక్కువగా ఉంటే ఫ్యూజులు ఒక్కొక్కటిగా లాగి చూడండి. దేన్ని లాగితే అంకె పడిపోతుందో, ఆ దారిలోనే వెతకాలి. ఏ ఫ్యూజు లాగినా తగ్గకపోతే ఆల్టర్నేటరును అనుమానించాలి. కరెంటును ఒకే వైపు పోనిచ్చే లోపలి డయోడు లీకైతే ఇలాగే జరుగుతుంది.

అయితే నేను ముందు చూసేది బయటి దుకాణంలో బిగించిన స్టీరియోనే. సాధారణంగా దాని పసుపు తీగ బ్యాటరీకి, ఎర్ర తీగ తాళంతో వచ్చే కరెంటుకు వెళ్ళాలి. బిగించేవారు తొందరలో రెండింటినీ కలిపి చుడతారు. అప్పుడు తాళం తీసినా స్టీరియో మేలుకునే ఉంటుంది. తాళం తీశాక కూడా పాట వస్తోందా అని చూడండి. వస్తోందంటే మీటరు అవసరమే రాకపోవచ్చు. డిక్కీ మూసినా లోపలి దీపం వెలుగుతూనే ఉందేమో కూడా గమనించండి. ఫోను కెమెరా నడిపి లోపల పెట్టి డిక్కీ మూస్తే తెలిసిపోతుంది.

ప్రశ్న: రాయపురంలో మా ఇంట్లో పాత పద్మిని కారు ఉంది. వెనుక లైట్ల ఫ్యూజు పదేపదే కాలిపోతోందని ఒకరు దానికి రాగి తీగ చుట్టి ఇచ్చారు. ఇప్పుడు లైట్లు బాగానే వెలుగుతున్నాయి. ఇలాగే ఉంచవచ్చా?

జవాబు: ఉంచకండి. ఈ ఉత్తరం చదివిన రోజే ఆ తీగ తీసేయండి. ఫ్యూజు కాలడం మాని ఇప్పుడు కాలబోయేది వైరు. అది వెళ్ళేది సీటు కింద, పెట్రోలు ట్యాంకు వైపు. ఫ్యూజు కాలే చోట 21 వాట్ల ఇండికేటరు బల్బును రెండు తీగలతో కలపండి, వెనుక లైట్ల బల్బులు తీసేసి స్విచ్చి వేయండి. ఆ బల్బు నిండుగా వెలిగిందంటే ఎక్కడో తీగ రేకుకు తగులుతోంది. వైరును డిక్కీ కీలు దగ్గర, రేకు రంధ్రాలలో దూరే చోట్ల అటూ ఇటూ కదిలించండి. ఎక్కడ కదిలిస్తే బల్బు ఆరుతుందో అక్కడే తొక్క ఊడి ఉంటుంది. ఆ కారులో వాడే పింగాణీ ఫ్యూజులు జనరల్ ప్యాటర్స్ రోడ్డు దుకాణాల్లో అడిగి చూడండి. బిగించే ముందు ఫ్యూజు చివరలు ఆనే రాగి రేకులను గరుకు కాగితంతో రుద్ది, కొంచెం దగ్గరకు వంచండి. అవి వదులైనా ఫ్యూజు వేడెక్కి కరిగిపోతుంది.