వాదించి బేరమాడే ఏజెంట్లు: ఈ ప్రాజెక్టు ఎంచుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఇక్కడే బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతోంది. సాఫ్ట్‌వేర్ ఏజెంట్లు (మన తరఫున సొంతంగా నిర్ణయాలు తీసుకునే ప్రోగ్రాములు) కారణాలు చెప్పుకుంటూ బేరమాడే పద్ధతిపై ఫైనలియర్ ప్రాజెక్టు చేస్తానంటోంది. ఇది ఉద్యోగానికి పనికొస్తుందా?
– ఒక తండ్రి, అనంతపురం

జవాబు: నిస్సంకోచంగా చేయనివ్వండి. ఈ పేరుతో ఉద్యోగ ప్రకటనలు కనిపించవు కానీ, ఇందులో అలవడే తర్కం, ప్రోగ్రామింగ్ ఏఐ రంగంలో ఎక్కడైనా అక్కరకు వస్తాయి.

ధర ఒక్కటే చెప్పుకునే బేరంలో ఒకరు పెంచడం, మరొకరు తగ్గించడం మినహా దారి ఉండదు. కారణమూ చెబితే ఎదుటివారి ఆలోచనే మారవచ్చు. పార్సన్స్, సియెరా, జెన్నింగ్స్ 1998లో ప్రచురించిన పరిశోధన పత్రంలో, పటం తగిలించడానికి ఒక ఏజెంటు మేకు అడుగుతుంది. అద్దం తగిలించడానికి అది తనకే కావాలని రెండోది నిరాకరిస్తుంది. అద్దాన్ని స్క్రూతోనూ బిగించవచ్చని మొదటిది వాదించి, తన స్క్రూ, స్క్రూడ్రైవర్ ఇచ్చి మేకు తీసుకుంటుంది. ఇద్దరి పనీ నెరవేరుతుంది.

ఏ వాదన నిలుస్తుందో, ఏది వీగిపోతుందో తేల్చే గణిత చట్రాన్ని కంప్యూటర్ శాస్త్రవేత్త ఫాన్ మిన్ డుంగ్ 1995లో ప్రతిపాదించారు. వాదనలను బిందువులుగా, ఖండనలను బాణాలుగా గీసే ఈ పద్ధతి, గ్రాఫ్ థియరీ చదివిన మీ అమ్మాయికి కొరుకుడు పడనిదేమీ కాదు.

ఉదాహరణ మన చీనీ (బత్తాయి) మార్కెట్ నుంచే తీసుకోమని చెప్పండి. కాయకు మంగు (తొక్కపై మచ్చలు) ఉంది కనుక టన్ను ధర తగ్గించాలని కొనుగోలు ఏజెంటు అంటే, మంగు తొక్క మీదే ఉంటుందనీ, జ్యూస్‌కు వెళ్లే సరుకుకు అది అడ్డు కాదనీ రైతు తరఫు ఏజెంటు ఖండించాలి. తన సరుకు చిల్లర అమ్మకానికి వెళ్తుందని మొదటిది తిరిగి బదులిస్తే, ఆ ఖండన వీగిపోయి మొదటి వాదన మళ్లీ నిలవాలి. ఇంతవరకు పైథాన్‌లో సరిగ్గా రాయగలిగితే చాలు, పదిరకాల సరుకులు చేర్చనక్కర్లేదు. చాట్‌జీపీటీ లాంటి భాషా మోడల్‌తో సంభాషణ రాయించి అదే ప్రాజెక్టు అనిపించడాన్ని మాత్రం నేను సమర్థించను, ఎందుకంటే వినసొంపైన కారణానికీ నిలిచే కారణానికీ తేడా పట్టుకోవడమే ఇక్కడ అసలు విద్య.

పరిశోధన వైపు వెళ్లాలనుకుంటే ఎంటెక్ వంటి పై చదువుల ప్రవేశ పరీక్ష గేట్ రాయడం మంచిది. 2024లో మొదలైన డేటా సైన్స్, ఏఐ పేపర్ సిలబస్‌లో తర్కం కూడా ఉంది. వెంటనే ఉద్యోగం కావాలంటే, ప్రాజెక్టు ఎంత బాగా సాగుతున్నా డేటా స్ట్రక్చర్స్, ఎస్‌క్యూఎల్ సాధన ఒక్క వారం కూడా ఆపకూడదు, ఎందుకంటే క్యాంపస్ సెలక్షన్లలో వడపోతలో ఇలాంటివీ సాధారణంగా అడుగుతారు.