మొటిమల మాత్రకు కొవ్వు తోడు: హాస్టల్ గదిలో ఏం తినాలి?

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. మాది గుంటూరు దగ్గర పల్లె. హైదరాబాదులో హాస్టల్లో ఉండి బ్యాంకు పరీక్షలకు శిక్షణ తీసుకుంటున్నాను. మొటిమలు గడ్డల్లా మారి మచ్చలు పడుతుండడంతో చర్మవైద్యురాలు ఐసోట్రెటినాయిన్ 20 మిల్లీగ్రాముల క్యాప్సూల్ రోజుకొకటి రాసి, కొవ్వు బాగా ఉన్న ఆహారంతో వేసుకోమన్నారు. ఉదయం టిఫినుతో వేసుకుంటున్నాను. మా హాస్టల్ టిఫిను చాలా రోజులు మూడు ఇడ్లీలు, నీళ్ల చట్నీ. రెండు నెలలైనా పెద్దగా తేడా కనిపించలేదు. అమ్మేమో నూనె తింటేనే మొటిమలు వస్తాయని, నెయ్యి కూడా మానేయమంటోంది. పొయ్యి లేని గదిలో ఉంచుకోదగిన, కొవ్వు ఎక్కువగా ఉండే చిరుతిళ్లు చెప్పగలరా? శనివారాలు ఒంటిపొద్దు ఉంటాను, ఆ రోజు ఎలా వేసుకోవాలి? మాఘంలో పెళ్లి అనుకుంటున్నారు. అప్పటికి ముఖం బాగుపడాలని ఆత్రంగా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా ఆ మూడు ఇడ్లీల సంగతి చూద్దాం. ఐసోట్రెటినాయిన్ విటమిన్ ‘ఏ’ కుటుంబానికి చెందిన మందు. అది నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. కడుపులోకి కొవ్వు చేరినప్పుడు పిత్తాశయం ముడుచుకుని పైత్యరసాన్ని పేగులోకి వదులుతుంది. ఆ రసం కొవ్వును సన్నని తుంపరలుగా విడగొడితే, మందు ఆ తుంపరల్లో కలిసి పేగు గోడను దాటుతుంది. కొవ్వు లేకపోతే ఈ పని సరిగా జరగక, మింగిన మందులో చాలా భాగం ఒంటికి పట్టకుండానే బయటికి పోతుంది. సాధారణ రకం క్యాప్సూల్‌ను పరగడుపున వేసుకున్నప్పుడు రక్తంలోకి చేరే మందు, కొవ్వు భోజనంతో వేసుకున్నప్పటి కంటే సుమారు 60 శాతం తక్కువని పరీక్షల్లో తేలింది. ఆహారంపై అంతగా ఆధారపడని మరో తయారీకి 2012లో అమెరికాలో అనుమతి లభించింది కానీ, మీ వైద్యురాలు కొవ్వుతో వేసుకోమని ప్రత్యేకంగా చెప్పారు కాబట్టి మీది సాధారణ రకమే అనుకుని ఈ జవాబు రాస్తున్నాను.

ఇలాంటి పరీక్షలకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సూచించే నమూనా భోజనంలో వెన్నలో వేయించిన రెండు గుడ్లు, పంది మాంసం ముక్కలు, వెన్న రాసిన రొట్టె, వేయించిన బంగాళాదుంప, గ్లాసు చిక్కని పాలు ఉంటాయి. 800 నుంచి 1,000 కేలరీలు వచ్చే ఆ పళ్లెంలో సగం శక్తి కొవ్వు నుంచే వస్తుంది. మూడు ఇడ్లీల్లో ఉండే కొవ్వు ఒకటి రెండు గ్రాములు దాటదు. రోజూ అంత బరువైన పళ్లెం తినమని మీకు ఎవరూ చెప్పరు, చెప్పకూడదు కూడా. నన్ను అడిగినవారికి మాత్రం, మాత్ర వేసుకునే పూట 20 గ్రాముల కొవ్వుకు తగ్గకుండా చూసుకోమని చెబుతుంటాను. రోజు మొత్తం తిండిని కొవ్వుతో నింపనవసరం లేదు, ఆ ఒక్క పూట చాలు.

అందుకని చిరుతిళ్ల కంటే ముందు పూటను మార్చుకోండి. మాత్ర ఉదయమే వేసుకోవాలన్న నియమం లేదు. రోజులో ఏ భోజనం చిక్కగా ఉంటుందో దానితో, ఇంచుమించు ఒకే వేళకు వేసుకుంటే సరిపోతుంది. మధ్యాహ్నం హాస్టల్లో కూర, పప్పు ఉంటాయి కదా, మొదటి ముద్దల్లో రెండు చెంచాల నెయ్యి వేసుకుంటే అదే పది గ్రాముల కొవ్వు. భోజనం మధ్యలో గానీ, అయిన వెంటనే గానీ గ్లాసెడు నీళ్లతో మాత్ర మింగండి. 

గదిలో ఉంచుకోవడానికి పల్లీలను మించినవి నాకు తోచవు. బరువులో దాదాపు సగం కొవ్వే కాబట్టి 30 గ్రాముల గుప్పెడు వేయించిన గుళ్లలో 14 గ్రాముల దాకా వస్తుంది. మీ ఊరి నుంచి సంచీ తెచ్చుకుంటే నెలంతా ఖర్చు లేని మందు తోడు. బాదం పప్పు కూడా అంతే ఇస్తుంది, జీడిపప్పు కాస్త తక్కువ, ధర మాత్రం ఎక్కడో ఉంటుంది. పాల విషయంలో ప్యాకెట్ మీద రాసింది చదవండి: ఫుల్‌క్రీమ్ పాలలో 6 శాతం, టోన్డ్ పాలలో 3 శాతం, డబుల్ టోన్డ్‌లో 1.5 శాతం కొవ్వు ఉంటుంది. కాబట్టి 200 మిల్లీలీటర్ల ఫుల్‌క్రీమ్ పాలు, గుప్పెడు పల్లీలు కలిస్తే 26 గ్రాములు వచ్చేస్తాయి, లెక్క పూర్తయినట్టే. గుడ్లు తినేవారైతే రెండు ఉడికిన గుడ్లకు పది గ్రాములు వస్తాయి కానీ పచ్చసొన పారేయకూడదు, కొవ్వంతా దానిలోనే ఉంది. నువ్వులుండలు, పల్లీపట్టి, ఎండుకొబ్బరి ముక్క మంచివే, అయితే బెల్లం పాకంతో చేసినవాటిని రోజూ కాక అప్పుడప్పుడు తినండి. ఇంటి నుంచి సున్నుండలు వస్తే వాటిలోని కొవ్వు అమ్మ పోసిన నెయ్యిని బట్టి ఉంటుంది, ‘తగ్గించి చేశాను’ అంటే మీ లెక్క కూడా తగ్గుతుంది. ఇక అరటిపండు, మజ్జిగ, మరమరాలు, మారీ బిస్కెట్లు ఆకలి తీరుస్తాయి తప్ప ఈ పనికి రావు.

ఆవకాయ ముద్దలో నూనె, నెయ్యి రెండూ ఉంటాయని మీకు తోచవచ్చు. నిజమే, కానీ ఈ మందుతో పెదవులు ఎండి పగులుతాయి, ఆ పగుళ్లకు కారం తగిలితే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. నువ్వుల పొడి, నెయ్యి కలుపుకుంటే ఆ బాధ ఉండదు. ఇంకొకటి, కాడ్ లివర్ ఆయిల్ గోళీలు కూడా కొవ్వే కదా అని మాత్రకు జతగా వేసుకోవద్దు. వాటిలో విటమిన్ ‘ఏ’ ఉంటుంది, ఈ మందు ఆ కుటుంబానిదే కాబట్టి రెండూ కలిస్తే దుష్ప్రభావాలు పెరుగుతాయి. ‘ఏ’ విటమిన్ ఉన్న మల్టీవిటమిన్ మాత్రలకూ ఇదే వర్తిస్తుంది.

కొవ్వు సరిగా తినడం మొదలుపెట్టాక పెదవుల ఎండు, చర్మపు పొడితనం ఇదివరకటి కంటే ఎక్కువ కావచ్చు. మోతాదు మారకపోయినా ఒంటికి పట్టే మందు పెరిగిందన్నమాట. రెండు నెలల ఇడ్లీ కథను వైద్యురాలికి దాచకుండా చెప్పండి, లేకపోతే 20 చాలడం లేదనుకుని ఆమె మోతాదు పెంచే అవకాశం ఉంది. పైగా ఇది నెలల తరబడి సాగే చికిత్స కాబట్టి తేడా రాకపోవడానికి తప్పంతా టిఫినుదే అని కూడా నేను అనను.

అమ్మగారికి ఇలా చెప్పి చూడండి: తిన్న నూనె నేరుగా ముఖానికి ఎక్కదు. ముఖం మీది జిడ్డును చర్మంలోని గ్రంథులు హార్మోన్ల ప్రభావంతో తయారుచేస్తాయి, ఈ మందు ఆ గ్రంథులనే కుదించి పని చేస్తుంది. మొటిమలకూ తిండికీ ఉన్న సంబంధాన్ని పరిశీలించినవారు నెయ్యి కంటే, రక్తంలో చక్కెరను వేగంగా పెంచే ఆహారాన్నే ఎక్కువగా అనుమానించారు. అయితే సాయంత్రం బండి మీద మళ్లీ మళ్లీ కాగిన నూనెలో వేసే బజ్జీల విషయంలో నేను అమ్మగారి పక్షమే.

శనివారం తినే ఆ ఒక్క పూటతోనే మాత్ర వేసుకోండి. ఒంటిపొద్దుకు పాలు, పప్పులు అభ్యంతరం కాకపోతే అవే చాలు. ఏ కారణం చేతనైనా ఒక రోజు తప్పితే మరునాడు రెండు కలిపి వేసుకోవద్దు.

పెళ్లి మాట మీరు చివర్లో రాశారు కానీ, నా దృష్టిలో ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే. ఈ మందు వాడుతుండగా గర్భం వస్తే బిడ్డకు తీవ్రమైన అవయవ లోపాలు కలిగే ప్రమాదం చాలా ఎక్కువ. వాడుతున్నంత కాలం, ఆపిన తరువాత కనీసం నెల రోజులు గర్భం రాకుండా ఖచ్చితమైన జాగ్రత్త ఉండాలి. పెళ్లి తేదీ అనుకుంటున్నారన్న సంగతి వైద్యురాలికి తెలుసా? తెలియకపోతే ఈ వారమే వెళ్లి చెప్పండి, కోర్సు ఎప్పుడు ముగించాలో ఆమె నిర్ణయిస్తారు. ఆ నెల గడిచేదాకా రక్తదానం కూడా చేయకూడదు.

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు, ఇదే మందు వాడుతున్నాడు. కొవ్వుతో వేసుకోమన్నారు. ఇప్పుడు రక్తపరీక్షలో ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) 240 వచ్చాయి, మొదట్లో 130 ఉండేవి. కొవ్వు మాన్పించి మాత్ర ఒక్కటే వేయమంటారా?
– ఒక తండ్రి

జవాబు: అలా చేయవద్దు. ట్రైగ్లిజరైడ్లను పెంచడం ఈ మందుకు ఉన్న తెలిసిన గుణమే, అందుకే మధ్యమధ్య పరీక్ష చేయిస్తారు. 150 లోపు మామూలు, 200 దాటితే ఎక్కువ, 500 దాటితే క్లోమగ్రంథి (పాంక్రియాస్) వాచే ప్రమాదం. మీరు కొవ్వు మాన్పిస్తే మందు ఒంటికి పట్టడం తగ్గుతుంది, అంటే డాక్టరుకు తెలియకుండా మోతాదు తగ్గించినట్టే. తగ్గించాలో వద్దో రిపోర్టు చూసి ఆయనే చెప్పాలి. రక్తం రాత్రి నుంచి ఏమీ తినకుండా ఇచ్చారో లేదో కూడా ఆయనకు చెప్పండి, తిని ఇస్తే అంకె పెరిగి కనిపిస్తుంది.

ఈలోగా ఇంట్లో చేయగలిగినది ఒకటుంది. మాత్ర పూట నెయ్యి, వెన్నలకు బదులు పల్లీలు, బాదం ఇవ్వండి. కూల్‌డ్రింకులు, మిఠాయిలు పూర్తిగా ఆపి, అన్నం కొంత తగ్గించండి. ట్రైగ్లిజరైడ్లు నూనెతోనే పెరుగుతాయని చాలామంది అనుకుంటారు కానీ చక్కెర, మద్యం వాటిని బాగా పెంచుతాయి, 19 ఏళ్ల కొడుకును ఆ రెండో దాని గురించి కూడా కోప్పడకుండా ఒకసారి అడగండి. పై కడుపులో భరించలేని నొప్పి వచ్చి వాంతులు అయితే మాత్రం మాత్ర ఆపి, మరునాటి దాకా చూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.