వేర్ల గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. "చక్కెర అందితే వేర్లు బాగా పెరుగుతాయి" అన్న మొదటి వాక్యం మార్చాలి. అందులో తప్పేమీ లేదు, కానీ తిండి దొరికితే ఏదైనా పెరుగుతుందని పాఠకుడికి ముందే తెలుసు. మొక్కకు చక్కెర తిండే కాదు, కబురు కూడా. వ్యాసం అక్కడ మొదలవ్వాలి.

ఆ కబురు ఎటు వెళ్తుందో వరుసగా చెప్పు. ఆకులో తయారైన సుక్రోజ్ అనే చక్కెర, ఆహారాన్ని మోసే పోషక కణజాలం గుండా కిందికి దిగుతుంది. వేరు నుంచి చీలే పక్క వేరు పుట్టేది దాని పైపొరలో కాదు, లోపల పరిచక్రం అనే పొరలో. అక్కడి కొన్ని కణాలను విభజన మొదలుపెట్టమని ఆక్సిన్ హార్మోన్ పురమాయిస్తుంది.

నువ్వు ఇక్కడ ఒక్క వాక్యంతో దాటేశావు. నిజానికి ఆగాల్సింది ఇక్కడే. హైడెల్‌బర్గ్ పరిశోధకులు 2023లో ప్రచురించిన పని చూడు. అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో టార్ అనే ఎంజైమును అడ్డుకుంటే పక్క వేర్లు రాలేదు. ఆక్సిన్ ఉంది, కణాలు దానికి స్పందించాయి, జన్యువుల నుంచి ప్రొటీన్ల తయారీకి వాడే నకలు, అంటే ఎంఆర్ఎన్ఏ కూడా చాలావరకు తయారైంది. కానీ పక్క వేరు పుట్టడానికి కావాల్సిన జన్యువులైన ఏఆర్ఎఫ్7, ఏఆర్ఎఫ్19, ఎల్‌బీడీ16ల ఎంఆర్ఎన్ఏ ప్రొటీన్లుగా మారడం దెబ్బతింది. టార్‌ను చురుకు చేసేది చక్కెర. సంబంధం ఖాయమైనా, చేతిలో డబ్బు చూసుకున్నాకే ఇంటి పెద్ద ముహూర్తం పెట్టించినట్టు! ఎంత అందమైన ఏర్పాటో చూడు. పాఠకుడికి ఆ ఆనందం దక్కాలి.

2021 నాటి ఫలితాన్ని నువ్వు వదిలేశావు, కథకు అడ్డొస్తుందనేమో. మొక్కను అనుకోకుండా కాసేపు చీకట్లో ఉంచితే, శక్తి తగ్గినప్పుడు పనిచేసే స్నర్క్1 ఎంజైము బీజిప్63 ప్రొటీన్ ద్వారా అదే ఏఆర్ఎఫ్19ను పెంచి, కొత్త వేర్లకు ఊతమిచ్చింది. చక్కెర ఉంటే వేరు, లేకపోతే లేదు అన్న లెక్క ఇక్కడ చెల్లదు. కొద్దిసేపటి కొరతకూ, టార్ పనే ఆగిపోవడానికీ తేడా ఉంది. ఈ చిక్కును దాచకు, పాఠకుడి ముందు పెట్టు. అతను తట్టుకోగలడు.

వేర్లు చీలడం గురించి నువ్వు వాడిన "కొమ్మల జన్యువు" అన్న మాట కొట్టేయి, అలాంటి జన్యువు ఒకటంటూ లేదు. చివర్లో వరి దిగుబడి పెరుగుతుందన్న హామీ కూడా వద్దు. ఈ ప్రయోగాలు ఆవాల కుటుంబానికి చెందిన ఓ చిన్న మొక్క మీద చేసినవి. వేరు ఎక్కడెక్కడ చీలితే నీళ్లూ ఎరువూ ఎంత అందుతాయన్నది రైతుకు ముఖ్యమే, ఆ మాట రాయి. అంతకు మించి ఇప్పుడే రాయకు.

సరిచేసి పంపు, మళ్లీ చదువుతాను.

మీ అన్నయ్య