డయానా ఎయిర్ గన్ మీద "మేడ్ ఇన్ గ్రేట్ బ్రిటన్" అని ఉంటే నకిలీయేనా?

ముందు ఒక్క మాట. దయచేసి దానికి పాలిష్ చేయించకండి.

పరకాలలో మీ తాతగారి పెట్టెలో దొరికిన డయానా మోడల్ 27 మీద "మేడ్ ఇన్ గ్రేట్ బ్రిటన్" అని ఉంది, డయానా జర్మనీ కంపెనీ కాబట్టి ఇది నకిలీ అంటూ ఒకాయన 4 వేలకు అడుగుతున్నాడు, కొత్తదానిలా చేయిస్తే ఎక్కువ వస్తుందా అని కదా అడిగారు.

ఆ రాతను బట్టి నకిలీ అనడానికి లేదు. డయానా పుట్టింది జర్మనీలోని రాస్టాట్‌లో. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ యంత్రాలు, పేరు స్కాట్లండ్‌లోని మిల్‌బ్రో కంపెనీ చేతికి వెళ్లాయి. అక్కడ తయారైన డయానాల మీద గ్రేట్ బ్రిటన్ అనే ఉంటుంది. జర్మనీ వాళ్లు మళ్లీ తయారీ మొదలుపెట్టాక, బ్రిటన్‌లో డయానా పేరు వాడుకునే వీల్లేక "ఒరిజినల్" అనే పేరుతో అమ్మారు. జర్మనీ తుపాకులకు సిలిండర్ (స్ప్రింగ్ ఉండే లావుపాటి ఇనుప గొట్టం) వెనక వైపు 08 71 లాంటి చిన్న అంకెలుంటాయి. అంటే 1971 ఆగస్టు. సేకరించేవాళ్లు మోడల్ 27లో జర్మనీ దాన్నే ఎక్కువ ఇష్టపడతారు, అది నిజం. అంతమాత్రాన మీది నకిలీ అయిపోదు.

పాలిష్ వద్దని ఎందుకంటున్నానంటే, నేనొక మంచి తుపాకిని అలాగే పాడుచేసుకున్నాను. ఐనవోలు జాతరలో బెలూన్ల స్టాల్ పెట్టే ఒకాయన దగ్గర పాత బీఎస్ఏ మీటియర్ అనే బ్రిటన్ ఎయిర్ గన్ 2,500కు కొన్నాను. నల్లరంగు అక్కడక్కడ గోధుమరంగుకు తిరిగింది కానీ అక్షరాలు స్పష్టంగా ఉండేవి. హనుమకొండలో ఒక వర్క్‌షాప్‌కిస్తే బఫింగ్ చక్రం మీద పెట్టి అద్దంలా చేసిచ్చారు. మూడు తుపాకులు ఆనించి నిలబెట్టినట్టుండే బీఎస్ఏ గుర్తు సగం అరిగిపోయింది. హైదరాబాద్‌లో పాత తుపాకులు సేకరించే ఒకాయన దాన్ని చేతిలోకి తీసుకుని, అక్షరాల మీద బొటనవేలు రాసి చూసి, తిరిగి ఇచ్చేశారు. ఆ రోజు చాలా బాధేసింది. తుపాకిని ఎలా చూడాలో ఆయనే ఓపికగా నేర్పించారు.

బ్యారెల్ వంచి లోపల పెల్లెట్ లేదని చూసుకోండి. తర్వాత స్టాక్ (చెక్క భాగం) స్క్రూలు సరైన సైజు స్క్రూడ్రైవర్‌తో విప్పి చెక్కను వేరు చేయండి. సిలిండర్ మాత్రం విప్పొద్దు, లోపల స్ప్రింగ్ బిగువు మీద ఉంటుంది. చెక్క కింద దాగిన ఇనుము మీద అసలు రంగు మిగిలి ఉంటుంది. పైభాగం, కిందిభాగం ఒకే మెరుపుతో ఉండి, అక్షరాల అంచులు గుండ్రంగా అరిగి ఉంటే మళ్లీ రంగు వేశారన్నమాట. ముద్ర కొట్టిన అక్షరం లోతుగా, అంచు పదునుగా ఉంటుంది. తర్వాత చెక్కించిన రాత అయితే గీతలు పైపైనే ఉంటాయి. స్టాక్ కూడా చూడండి. డయానాకు బీచ్ అనే చెట్టు చెక్క వాడేవారు. మన దగ్గర విరిగితే టేకుతో చేయించి పెట్టేవారు, అలా మారిస్తే విలువ బాగా పడిపోతుంది. స్క్రూ తలల గాడి చెదిరి ఉంటే ఎవరో ముందే విప్పారని అర్థం. జాతరల్లో తిరిగిన తుపాకులకైతే బ్యారెల్ జాయింట్ వదులై పక్కకు ఊగుతుంది.

లోపల గాలి పోకుండా ఆపే తోలు వాషర్ ఎండి గాలి పోతుంటే భయపడకండి, అది మార్చుకునే వస్తువే. తుప్పు పెరగకుండా నూనె గుడ్డతో తుడిస్తే చాలు.

అమ్మేముందు బోర్, అంటే బ్యారెల్ లోపలి వెడల్పు, తప్పక చూసుకోండి. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం బోర్ 4.5 మి.మీ. మించినా, శక్తి 20 జౌళ్లు మించినా లైసెన్సు కావాలి. పాతవాటిలో 5.5 మి.మీ.వి చాలానే ఉన్నాయి. మీది అదైతే బేరం పక్కనపెట్టి ముందు పోలీస్ స్టేషన్‌లో అడగండి.

4 వేలకు ఇప్పుడే ఒప్పుకోవద్దు. స్టాక్ తీశాక సిలిండర్ కిందిభాగం, అక్షరాలు పగటి వెలుతురులో ఫొటోలు తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.