టెస్టు క్రికెట్‌లో తొలి సెంచరీ ఎవరిది? ఆ తర్వాత ఆయన ఏమయ్యారు?

ఆ ఘనత ఆస్ట్రేలియా ఓపెనర్ ఛార్లెస్ బ్యానర్‌మన్‌ది. 1851లో ఇంగ్లండ్‌లోని వూలిచ్‌లో పుట్టిన ఆయన, ఆ దేశంపైనే చరిత్ర సృష్టించారు.

1877 మార్చి 15న మెల్‌బోర్న్‌లో మొదలైన తొలి టెస్టులో ఇంగ్లండ్ బౌలర్ ఆల్‌ఫ్రెడ్ షా వేసిన మొట్టమొదటి బంతిని ఎదుర్కొన్నదీ, రెండో బంతికి తొలి పరుగు తీసిందీ ఆయనే. తొలి రోజు ఆట ముగిసేసరికి 126 పరుగులతో అజేయంగా నిలిచి, మర్నాడు 165 వద్ద మరో ఇంగ్లండ్ బౌలర్ యూలియెట్ బంతి తగిలి వేలు చిట్లడంతో మైదానం వీడారు. జట్టు మొత్తం స్కోరు 245. అంటే మూడింట రెండు వంతులు ఆయనవే, ఆయన తర్వాత అత్యధిక స్కోరు కేవలం 18. పూర్తయిన ఇన్నింగ్స్‌లో ఒకే బ్యాటర్ వాటాగా ఈ 67.3 శాతం నేటికీ రికార్డే. రెండో ఇన్నింగ్స్‌లో ఆయన చేసింది నాలుగే అయినా, ఆస్ట్రేలియా 45 పరుగులతో గెలిచింది.

విచిత్రమేమిటంటే, ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో (టెస్టులు, ఉన్నత స్థాయి దేశవాళీ మ్యాచ్‌లు కలిపి) ఆయనకు మరో సెంచరీ లేదు. మూడు టెస్టుల్లో 239 పరుగులు, 59.75 సగటుతో ఆయన టెస్టు జీవితం ముగిసింది. నా దృష్టిలో ఆ సగటు కొంత మోసపుచ్చేదే, ఎందుకంటే అందులో సింహభాగం ఆ ఒక్క ఇన్నింగ్స్‌దే. తర్వాత టెస్టులకు అంపైరుగానూ వ్యవహరించి, 1930లో సిడ్నీలో కన్నుమూశారు.