కార్పొరేటర్ ఎమ్మెల్యేగా పోటీ చేయాలంటే ముందుగా రాజీనామా చేయాలా?

అవసరం లేదు, నెల్లూరు నగరపాలక సంస్థ కార్పొరేటర్ ఆ పదవిలో ఉంటూనే శాసనసభకు పోటీ చేయవచ్చు. రాజ్యాంగంలోని 191వ అధికరణ ప్రభుత్వం కింద లాభదాయక పదవిలో ఉన్నవారిని అనర్హులుగా ప్రకటిస్తుంది. కార్పొరేటర్‌ను నియమించేది ప్రభుత్వం కాదు, డివిజన్ ఓటర్లే ఎన్నుకుంటారు కనుక ఆ నిషేధం ఆయనకు వర్తించదు.

ఈ దారిలో ఎదిగినవారికి ఉదాహరణ అనిల్ కుమార్ యాదవ్. ఆయన నెల్లూరు కార్పొరేటర్‌గా పనిచేసి, 2014లోనూ 2019లోనూ నెల్లూరు నగర ఎమ్మెల్యేగా గెలిచి, 2019లో జలవనరుల శాఖ మంత్రి అయ్యారు.

కార్పొరేటర్‌గా గెలిచినవారికి శాసనసభ అర్హత దానంతటదే వస్తుందన్నది మాత్రం అపోహ. మొదటిదానికి 21 ఏళ్లు చాలు, రెండోదానికి 25 నిండాలి. ఎమ్మెల్యే అయితే కార్పొరేషన్‌తో సంబంధం తెగిపోతుందనుకోవడమూ పొరపాటే; ఎక్స్ అఫీషియో సభ్యుడి (ఎమ్మెల్యే పదవి రీత్యా సభ్యుడయ్యే వ్యక్తి) హోదాలో ఆయన అదే కౌన్సిల్ హాలులో కూర్చుని, మేయర్ ఎన్నికలో చేయెత్తి ఓటు వేస్తారు.